తొమ్మిది డిగ్రీలు

చలికి బండి స్టార్ట్ కాకపోవడం అనే జబ్బును ఈ భూమ్మీద లేకుండా చేసింది నేనే. ఆ చలికాలం నేను లేకపోయుంటే మా వ్యాను ఇవాళ కోళ్ళగూడుగా తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. కావాలంటే ఎవరినైనా అడగండి. మా అక్కను మాత్రం అడక్కండి. మా నాన్ననూ వద్దు. పక్క షెడ్డులో ఉండే వెల్డింగ్ మామయ్యను అసలే వద్దు, ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఇనపముక్క ఉంటుంది.

ఆ ముగ్గురినీ తీసేస్తే సాక్ష్యానికి మిగిలేది నేనొక్కణ్ణే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పక తప్పదు.

మా నాన్న కార్బొరేటర్ల మేస్త్రి, అంటే ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ కలిపి పంపే డబ్బాల డాక్టరన్నమాట. రెండు వీధుల అవతల కారు పోతుంటే విని, దాని మూడో సిలిండర్ అలిగిందని చెప్పేవాడు. ఒకసారి మా ఇంటికొచ్చిన చుట్టం తుమ్మితే, "మిక్చర్ పల్చగా ఉంది" అన్నాడు. అంత చెవి. కానీ ఆ చెవికి కూడా లొంగనిది ఒకటుంది, తెల్లవారుజామున చలికి బిగుసుకుపోయిన మా వ్యాను.

ఎగువ రోడ్డు మీది క్లినిక్‌కి రోగుల్ని చేర్చే బండి అదే. కిందటి చలికాలం ఒక తెల్లవారుజామున నొప్పులు పడుతున్న మనిషిని వెనక పడుకోబెట్టుకుని, నాన్న చోక్ లాగుతూ సెల్ఫ్ కొడుతూ పదకొండు నిమిషాలు తంటాలు పడ్డాడు. బండి కదిలేలోపే లోపల పాప పుట్టేసింది. ఇద్దరూ క్షేమమే. కానీ క్లినిక్ పెద్ద నర్సమ్మ మర్నాడే వచ్చి నిలబడింది.

"ఈసారి అదృష్టం మేస్త్రిగారూ. వచ్చే చలికాలానికి తాళం తిప్పగానే లేచే బండి కావాలి. లేకపోతే వేరే బండి చూసుకుంటాం. ఏమీ అనుకోకండి."

నాన్న ఏమీ అనుకోలేదు. ఆరు నెలల పాటు ఏమీ అనుకోకుండానే మౌనంగా తిరిగాడు. అప్పుడు అక్క కార్బొరేటర్ ఊడదీసి, దాని బదులు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు బిగించి, డ్యాష్‌బోర్డ్ కింద చిన్న కంట్రోల్ బాక్సు పెట్టి, దానికి లాప్‌టాప్ తగిలించింది. నాన్న తన కార్బొరేటర్‌ని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి షెల్ఫు మీద పెట్టాడు.

"చూడు తల్లీ. నర్సమ్మ చలికాలంలో వచ్చి చూసే రోజున మొదటి తిప్పుకే లేచిందనుకో, ఇక షెడ్డు నీది. నువ్వు చెప్పిందే నేనూ చేస్తాను. లేవలేదనుకో, ఇది మళ్ళీ ఎక్కుతుంది. ఆ లాప్‌టాప్ ఈ షెడ్డులో మళ్ళీ తెరుచుకోకూడదు."

"సరే నాన్నా," అంది అక్క. చెయ్యి చాపింది కూడా. నాన్న ఆ చేతిని చూసి, తన చెయ్యి ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుని మరీ కలిపాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఇరవై ఏళ్ళు. మా ఇంట్లో నా మాటకున్న విలువ, గోడకు కొట్టిన మేకు మాటకున్న విలువ ఒకటే.

చలికి ఇంజన్ పడే కష్టమేంటో అక్క నాకు ఒక్క ముక్కలో చెప్పింది. "పొద్దున్న అమ్మ నిన్ను ఎన్నిసార్లు పిలవాలి?"

"మూడుసార్లు."

"మొదటి రెండు పిలుపులూ ఏమవుతాయి?"

"దుప్పటికి అంటుకుపోతాయి."

"ఇదీ అంతే. చల్లగా ఉంటే పెట్రోలు ఆవిరి కాదు, లోపల గోడలకు అంటుకుపోతుంది. అందుకని మామూలుకంటే ఎక్కువ పోయాలి. ఎంత ఎక్కువ పోయాలన్నది చలిని బట్టి. తక్కువైతే లేచి పడిపోతుంది. ఎక్కువైతే ప్లగ్గులు తడిసి అసలే లేవదు."

లాప్‌టాప్‌లో ఒక గీత ఉంది. ఎడమ చివర గడ్డకట్టే చలి, కుడి చివర వేడి. ఏ చలికి ఎంత పెట్రోలు పోయాలో ఆ గీత చెబుతుంది. దాన్ని చుక్కచుక్కగా సరిచేసుకుంటూ పోవాలి. అసలు చిక్కేంటంటే, ఇంజన్ ఒకసారి తిరిగిందా, వేడెక్కిపోతుంది. మళ్ళీ రాత్రంతా చల్లారితే తప్ప పరీక్ష పనికిరాదు. అంటే రోజుకు ఒక్కటే ప్రయత్నం. పొద్దున ఆరింటికి, ఒక్క తిప్పు. అక్క బానెట్ మీద కాగితం అంటించింది, "ముట్టుకుంటే చంపుతా" అని. కింద నా పేరు రాయలేదు. రాయనక్కర్లేదనుకుంది.

ఇంతకీ చలి ఎంతుందో కంట్రోల్ బాక్సుకు తెలియాలి కదా. దానికి రెండు సెన్సర్లు. ఒకటి ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ళలో, ఇంకోటి గాలి పీల్చే గొట్టంలో. బిగించేముందు వాటికి అంకెలు నేర్పించాలి. ఐసు నీళ్ళలో ముంచి ఎన్ని ఓమ్‌లు చూపిస్తోందో మీటర్‌తో ఒకసారి కొలవాలి, గదిలో ఉంచిన నీళ్ళలో ఒకసారి, మరిగే నీళ్ళలో ఒకసారి. ఐసు నీళ్ళంటే సున్నా డిగ్రీలు, అందులో అనుమానమే లేదు. ఆ పని అక్క నాకు అప్పజెప్పింది. ఇంటి ఫ్రిజ్‌లోంచి రెండు ట్రేల ఐసు గిన్నెలో పోసి చేతికిచ్చింది.

"ఇది నీకు చేతనవునా?"

"చిన్నబుచ్చకు," అన్నాను.

ఆ ఐసు పట్టుకుని షెడ్డుకు వస్తున్నాను. దారిలో వెల్డింగ్ మామయ్య గ్లౌజులు తిరగేసి బల్లమీద నిలబెట్టి ఉన్నాయి. రెండు గ్లౌజులు. నా చేతిలో రెండు ట్రేల ఐసు. ఆ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు కనిపిస్తుంటే, కాదనడానికి నేనెవర్ని? మామయ్య చెయ్యి పెట్టి వేసిన కేక విని వీధి చివర మంగలి షాపులో ఒకాయనకు సగం మీసం పోయిందని చెప్పుకున్నారు. నేనే చెప్పాను లెండి.

తీరా షెడ్డుకొచ్చేసరికి గిన్నెలో మూడు ముక్కలున్నాయి, అవీ కరిగిపోయాయి. మళ్ళీ ఐసు గడ్డకట్టాలంటే నాలుగ్గంటలు. పెరట్లో కుళాయి నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. గోడకున్న నాన్న థర్మామీటర్ తీసి ముంచి చూశాను. తొమ్మిది. తొమ్మిదంటే ఎంత? రెండంకెలు కూడా కాదు. సున్నాకు దగ్గరి చుట్టమే. రెండు సెన్సర్లూ అందులోనే ముంచి, కొలిచి, కాగితం మీద "ఐసు నీళ్ళు" అని రాసి అక్కకిచ్చాను.

అక్క ఆ అంకెల్ని అలాగే ఎక్కించింది.

తర్వాత మూడు వారాలు మా ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. పొద్దున్నే ఆరింటికి అక్క, నాన్న, నేను నోళ్ళలోంచి పొగలు కక్కుకుంటూ వ్యాను ముందు నిలబడేవాళ్ళం. అక్క తాళం తిప్పేది. బండి లేచి పడిపోయేది, లేదా దగ్గి దగ్గి ఊరుకునేది. అక్క గీత మీద ఒక చుక్కను పైకి జరిపి, నోట్‌బుక్‌లో రాసి మూసేసేది. ఇక రేపే. నాన్న ఏమీ అనేవాడు కాదు. షెల్ఫు వైపు ఒకసారి చూసేవాడు, అంతే. అలా చూడకుండా ఏదైనా అని ఉంటే బాగుండేదని అక్క అమ్మతో అంటుంటే విన్నాను.

చలి ముదిరేకొద్దీ గీతలో ఎడమవైపు చుక్కలు ఒక్కొక్కటే కుదురుకున్నాయి. మూడో వారంలో ఒక పొద్దున బండి ఒక్క తిప్పుకు లేచి, ముసలి పిల్లిలా గుర్రుమని, నిలబడింది. అక్క స్టీరింగ్ మీద తల వాల్చేసింది. నాన్న వెనక్కి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఎంతుంది ఇవాళ?" అని అడిగాడు తిరక్కుండానే.

"స్టార్ట్ చేసేముందు మైనస్ ఆరు."

నాన్న గోడ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "మూడుంది."

"మైనస్ మూడా?"

"మామూలు మూడు."

"నాన్నా, ఇక్కడ రెండు సెన్సర్లున్నాయి. రెండూ మైనస్ ఆరంటున్నాయి. నీదొక్కటే మూడంటోంది."

రెండు సెన్సర్లకూ ఒకే అబద్ధం నేర్పింది నేనే కదా, రెండూ ఒకే మాట చెప్పకేం చేస్తాయి?

"ఇది మా నాన్న కొన్నది," అన్నాడు నాన్న. "ఏనాడూ తప్పు చెప్పలేదు."

"అదే నేననేది. ముసలిదైపోయింది. పైగా పోయినేడు వీడు దాన్ని కెటిల్ ఆవిరి మీద పెట్టి, షెడ్డుకు జ్వరమొచ్చిందని నిన్ను నిద్ర లేపాడు గుర్తుందా? అప్పుడే చెడిపోయుంటుంది. ఏరా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది. కానీ అది బయటపడితే మూడు వారాల పొద్దుటి పూటలన్నీ, అక్క చుక్కలన్నీ, అన్నీ నా నెత్తిమీదే.

"అయ్యుండొచ్చు," అన్నాను.

నాన్న థర్మామీటర్‌ని మేకు మీంచి తీసి, అరచేత్తో ఒకసారి తుడిచి, షెల్ఫు మీద గుడ్డలో చుట్టిన కార్బొరేటర్ పక్కన పడుకోబెట్టాడు. గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది.

ఆ రోజు నుంచి నాన్న వాదించడం మానేశాడు. అదే భరించలేకపోయాను. పొద్దున రాగానే "ఎంతుంది తల్లీ?" అని అడిగేవాడు. అక్క "మైనస్ ఏడు" అనగానే, అప్పటిదాకా తెరిచి ఉన్న స్వెటర్‌కి పై గుండీ పెట్టుకునేవాడు. తన చలి తనకు ఎంత వేస్తోందో కూడా లాప్‌టాప్‌నే అడుగుతున్నాడన్నమాట. ఒక రోజు ఒక కారు శబ్దం విని, "దీనికి..." అని ఏదో అనబోయి ఆగిపోయాడు. "ఏమోలే, నువ్వు చూడు," అని అక్కకు అప్పగించేశాడు. ఆ చెవి తుమ్ములో మిక్చర్ కనిపెట్టిన చెవి.

నర్సమ్మ రావడానికి ఇక రెండు రోజులే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు. జీవితంలో నాకు నిద్ర పట్టకపోవడం అదే మొదలు, ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ నుదురు కూడా పట్టి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క కొత్త ప్లగ్గుల కోసం బజారుకెళ్ళింది. నాన్న భోజనానికి వెళ్ళాడు. నేను ఫ్రిజ్‌లోంచి నిజంగా ఐసు తెచ్చాను. ఈసారి దారిలో ఎన్ని గ్లౌజులు కనిపించినా తల తిప్పలేదు. రెండు సెన్సర్లూ ఊడదీసి, ముంచి, కొలిచి, సరైన అంకెలు లాప్‌టాప్‌లో ఎక్కించి, సేవ్ చేసి, కారిన కూలెంట్ మళ్ళీ నింపి, ఎక్కడివక్కడ బిగించాను. తప్పు పోయింది. ఎవరికీ తెలియలేదు. ఎవరికీ నొప్పి లేదు. నా అంత మంచివాడు మా వంశంలోనే లేడనిపించింది. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను.

పొద్దున అయిదున్నరకే నర్సమ్మ వచ్చేసింది. కోటు మీద శాలువా, చేతికి గడియారం. వెల్డింగ్ మామయ్య కూడా చూడ్డానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ కిటికీలోంచి చూస్తోంది.

అక్క లాప్‌టాప్ తెరవబోయింది.

"అది పక్కన పెట్టు తల్లీ," అన్నాడు నాన్న. "రోగిని తీసుకెళ్ళేటప్పుడు అది ఉండదు కదా. తాళం, బండి. అంతే."

న్యాయమే. అక్క లాప్‌టాప్ మూసేసింది. తాళం నర్సమ్మకిచ్చింది. "మీరే తిప్పండి."

నర్సమ్మ ఎక్కింది. తిప్పింది. ఇంజన్ అందుకుంది. అక్క పెదవులు విచ్చుకోబోయాయి. ఇంజన్ ఒక్క ఊపిరి తీసి, వదిలేసింది.

"ఇంకోసారి," అంది అక్క.

అందుకుంది. పోయింది. మూడోసారీ అంతే. పైన కాకి కూడా అరవడం ఆపేసింది.

"నేను ఏడింటికల్లా క్లినిక్‌లో ఉండాలి," అంది నర్సమ్మ గడియారం చూసుకుని. గొంతులో కోపం లేదు, అదే చెడ్డగా వినిపించింది.

నాన్న మెల్లగా షెల్ఫు దగ్గరికి వెళ్ళాడు. గుడ్డమూట తీశాడు. గెలిచిన మనిషి మొహం కాదది. ముడి విప్పడానికి వేళ్ళు సహకరించడం లేదు. అక్క వెళ్ళి ఆ ముడి తనే విప్పసాగింది.

"నా గీతే తప్పు నాన్నా," అంది. "ఎక్కడో నేనే తప్పు వేశాను. నాకు రాలేదంతే."

ఆ నెలలో నేను విన్న అబద్ధాల్లోకెల్లా పెద్దది అదే. అదీ నా నోట్లోంచి వచ్చింది కాదు.

"అక్కా," అన్నాను. ఎవరూ వినలేదు.

అక్క చివరిసారి అన్నట్టు లాప్‌టాప్ తెరిచింది. చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఒకటా?"

"ఏంటి?" అన్నాడు నాన్న.

"నిన్న మైనస్ ఆరు. ఇవాళ నిన్నటికంటే చలి. ఒకటి చూపిస్తుందేంటి?" గబగబా ఏవో నొక్కింది. "నిన్న మధ్యాహ్నం మూడూ పదికి సేవ్ అయింది. మూడూ పదికి నేను ప్లగ్గుల షాపులో ఉన్నాను. ఐసు నీళ్ళ అంకె మూడు వేల తొమ్మిది వందలుండేది, ఇప్పుడు అయిదు వేల తొమ్మిది వందలుంది. సున్నా డిగ్రీలకు రెండు అంకెలెలా ఉంటాయి?"

"ఏ ఐసమ్మా?" అన్నాడు గేటు దగ్గర్నుంచి వెల్డింగ్ మామయ్య. "చలికాలం మొదట్లో నువ్వు అల్లుడి చేతికి గిన్నె ఇచ్చి పంపావే, ఆ ఐసా? అదంతా నా గ్లౌజుల్లో ఉంది కదా ఆ రోజు. ఈ చిటికెనవేలు చూడు, ఇంకా పలకట్లేదు."

నలుగురూ నా వైపు తిరిగారు. కిటికీలో అమ్మతో కలిపి అయిదుగురు.

"ఒరేయ్," అంది అక్క, చాలా మెల్లగా. "మొదటిసారి దేంట్లో ముంచావు?"

"కుళాయి నీళ్ళలో."

"నిన్న?"

"ఐసులో. నిజం ఐసు. సరిచేద్దామని."

అక్క కళ్ళు మూసుకుంది. "నంబరు తప్పిన కళ్ళజోడు పెట్టి మూడు వారాలు నడిపించావు. దాంతోనే నడక నేర్చుకున్నాను. తీరా పరుగు పెట్టే రోజున చెప్పకుండా పీకేశావు." కళ్ళు తెరిచింది. "నిన్న పొద్దుటి అంకెలు నా దగ్గరున్నాయి. అవే వేస్తున్నాను. అమ్మగారూ, ఒక్కసారి."

నర్సమ్మ గడియారం వైపు చూడలేదు. తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది, ఒక్క ఊపిరి తీసింది, వదల్లేదు. ముసలి పిల్లిలా గుర్రుమంటూ నిలబడింది. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి నేరుగా వెల్డింగ్ మామయ్య మొహానికి కొట్టింది. దానికీ నాకూ మాత్రం ఏ సంబంధమూ లేదు.

"ఇది మొదటి తిప్పు కాదు," అంది నర్సమ్మ. "రేపు చల్లారాక వస్తాను. ఆరింటికి. ఈలోపు ఆ అబ్బాయిని బండికి దూరంగా కట్టేయండి."

మర్నాడు వచ్చింది, తిప్పింది, బండి లేచింది. నర్సమ్మ "ఊఁ" అంది. ఆ సంగతి చెప్పడానికి షెడ్డు తాళాలు చేతిలో పెట్టుకుని అక్క ఉంది. నాది ఇంకా ఆ పొద్దుటి సంగతే.

ఇంజన్ ఆపి, నర్సమ్మ వెళ్ళిపోయాక నాన్న కార్బొరేటర్‌ని మళ్ళీ గుడ్డలో చుట్టి షెల్ఫు మీద పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి థర్మామీటర్ పట్టుకుని తిరిగాడు.

"కుళాయి నీళ్ళు ఎన్ని డిగ్రీలో చూశావా?"

"చూశాను."

"ఎంత?"

"తొమ్మిది."

"దేంతో చూశావు?"

నేను దాని వైపు చెయ్యి చూపించాను.

నాన్న లెక్క వేసుకున్నాడు. ఇంజన్ శబ్దం వినేటప్పుడు పెట్టే మొహమే పెట్టాడు, కొంచెం తల వంచి. "అయితే ఆ రోజు ఉన్నది మూడే."

"మూడే నాన్నా."

"ఇది చెడిపోలేదని నీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"నేను అడిగాను కదరా. అక్క కూడా అడిగింది."

"అడిగారు. నేను అయ్యుండొచ్చన్నాను."

అక్క లాప్‌టాప్ మీంచి తలెత్తి నాన్నను చూసింది. ఏదో అనబోయింది. నాన్న చెయ్యెత్తి వద్దన్నట్టు ఆపాడు. థర్మామీటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటిదాకా ఆయన గుప్పిట్లో ఉన్నా చల్లగానే ఉంది.

"మేకుకు తగిలించు."

గోడ మీది తెల్లమచ్చలో అది సరిగ్గా కూర్చుంది. నేను పక్కకు తప్పుకోబోయాను.

"ఎక్కడికి? అక్కడే నిలబడు. అది కుదురుకోనీ."

నిలబడ్డాను. ఎర్ర గీత మెల్లగా దిగుతోంది. వెనక ముగ్గురూ నిలబడే ఉన్నారు. గీత ఆగింది. అక్క పెన్ను మూత తీసిన చప్పుడైంది.

"ఊఁ, ఎంతుంది?" అన్నాడు నాన్న.

"ఒకటి," అన్నాను. ఆ చలికాలం మొత్తమ్మీద ఆ షెడ్డులో నేను పైకి చదివిన మొట్టమొదటి నిజమైన అంకె అది.